పాత మిద్దెపై సౌర జలతాపకము

నెల్లూరు పట్టణమునకు తూర్పుగా సుమారు 25 కిలోమీటర్ల దూరమున బంగాళాఖాతపు ఒడ్డున మైపాడు గ్రామము కలదు. ఏడాదిలో అధిక భాగము అచ్చట ఎండకు కొరత లేదు. అయినను కార్తీకము మొదలు మాఘము వరకు తెల్లవారుజామున స్నానమునకు వేడినీరు కావలసి వచ్చును. పసిబిడ్డలు, బాలింతలు, వృద్ధులు ఉన్న ఇంట ఆ అవసరము మరింత ఎక్కువ. పూర్వము పెరటిలో పెద్ద రాగి కాగును పొయ్యిమీద నుంచి, తీరమున విరివిగా పెరుగు సరుగుడు కట్టెలతో నీరు కాచెడివారు. పిమ్మట విద్యుత్ తాపకములు వచ్చినవి. ఇప్పుడు ఎండతోనే నీటిని కాచు సౌర జలతాపకములు ఇంటి కప్పులపై కనబడుచున్నవి.

కొత్తగా కట్టిన కాంక్రీటు ఇంటిపై దీనిని అమర్చుట పెద్ద సమస్య కాదు. కాని సున్నము, ఇటుక, టేకు దూలములతో రెండు మూడు తరములకు పూర్వము కట్టిన మిద్దె ఇంటి సంగతి వేరు. నాలుగు రంధ్రములు తొలిచి, నాలుగు మరలు బిగించి, నీటితొట్టిని నిలబెట్టి పోయినచో నూరేండ్లు నిలిచిన కప్పు పది వర్షాకాలములలో పాడుపడవచ్చును. అట్లని ఎండను వృథాచేయ నక్కర లేదు. పాత ఇంటికి హాని కలుగకుండ సౌర తాపకమును ఎట్లు అమర్చుకొనవలెనో సామాన్య భౌతికశాస్త్రము, కొద్దిపాటి లెక్కలు మనకు తెలుపగలవు.

పాత ఇల్లు అనగా రాజమందిరమే కానక్కరలేదు. మైపాడు చేరియున్న ఇందుకూరుపేట మండలములోనే పల్లిపాడు వద్ద పెన్నానది ఒడ్డున, 1921 ఏప్రిల్ 7వ తేదీన గాంధీజీ ప్రారంభించిన పినాకినీ సత్యాగ్రహాశ్రమము కలదు. అట్టి చరిత్ర ప్రసిద్ధములైన కట్టడములు కొన్నియే. పేరు లేని పాత ఇండ్లు పెక్కు. ఆయా కాలముల పనివారి నేర్పును నిలిపి చూపుటలో రెండును సమానమే.

ఎండను పట్టు పెట్టె

1767లో స్విట్జర్లాండు దేశపు శాస్త్రజ్ఞుడు హొరేస్ డి సస్యూర్ గాజు మూతలు గల పెట్టెలను ఎండలో నుంచి, వాటిలో ఎంత వేడిమి పుట్టునో కొలిచెను. తరువాత మెరుగుపరచిన పెట్టెలో నీరు మరుగు ఉష్ణోగ్రతను మించిన వేడిమి ఏర్పడెను. నేటి సౌర తాపకమునకు మూలసూత్రము ఇదియే. నల్లని లోహపు రేకు సూర్యరశ్మిని శోషించి వేడెక్కును. వేడెక్కిన రేకు దీర్ఘతరంగములుగల ఉష్ణకిరణములను వెలువరించును. సూర్యుని వెలుగును లోనికి రానిచ్చిన గాజు ఈ దీర్ఘతరంగములను బయటికి పోనీయదు. అంతేకాక వీచు గాలి రేకును తాకి చల్లార్చకుండ అడ్డుపడును. రేకు అడుగున, ప్రక్కల ఉష్ణమును పోనీయని దూది వంటి పదార్థమును కూరెదరు. రేకుకు అంటియున్న రాగి గొట్టములలోని నీరు ఆ వేడిమిని గ్రహించును.

1891లో అమెరికాలోని బాల్టిమోర్ నగరవాసి క్లారెన్స్ కెంప్ ఇటువంటి పెట్టెలో నీటితొట్లను అమర్చి పేటెంటు పొందెను. పగలు కాగిన నీరు రాత్రికి చల్లారిపోవుట అందలి లోపము. 1909లో కాలిఫోర్నియాలో విలియం బెయిలీ నీటితొట్టిని పెట్టెనుండి వేరుచేసి, దానికి ఉష్ణరక్షక కవచము తొడిగెను. నాటినుండి మరునాటి ఉదయము వరకు నీరు వేడిగా నిలుచుట సాధ్యమైనది.

తొట్టి వేరైనప్పుడు నీటిని ఫలకమునుండి తొట్టికి చేర్చునది ఏది? పంపు అక్కరలేదు. 27 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద 1 లీటరు నీరు సుమారు 996.5 గ్రాములు తూగును. 60 డిగ్రీల వద్ద అదే లీటరు 983.2 గ్రాములు మాత్రమే తూగును. తేలికయైన వేడినీరు పైకి పోవును, బరువైన చన్నీరు క్రిందికి దిగును. ఈ సంవహన ప్రవాహము కొనసాగవలెనన్న తొట్టి ఫలకము పై అంచుకంటె కనీసము 30 సెంటీమీటర్లు ఎత్తున ఉండవలెను. తొట్టి క్రిందుగా ఉన్నచో రాత్రివేళ ప్రవాహము తలక్రిందులై కాగిన నీరు చల్లారును. ఈ ప్రవాహమును నడుపు బలము మిక్కిలి స్వల్పము. మీటరు ఎత్తుకు 13 మిల్లీమీటర్ల నీటిమట్టపు ఒత్తిడికి సమానము. గొట్టములో ఒకచోట వంపు పైకి లేచి గాలిబుడగ చిక్కుకొన్నను అది ఆగిపోవును.

విద్యుత్తును పుట్టించు సౌర ఫలకములు వేరు, ఇవి వేరు. విద్యుత్ ఫలకములు ఎండలో రమారమి ఐదవ వంతును విద్యుత్తుగా మార్చును. జలతాపకములు సగము వరకు వేడిమిగా పట్టగలవు. కనుక స్నానపు నీటికి కావలసిన స్థలము తక్కువ. కాని వీటిలో నీరు నిండియుండును. పాత కప్పునకు సంబంధించిన చిక్కులన్నియు ఈ నీటినుండియే పుట్టుచున్నవి.

ఎంత నీరు కావలెను?

మొదట చేయవలసిన లెక్క ఇది. 100 లీటర్ల నీటిని 27 డిగ్రీలనుండి 60 డిగ్రీలకు కాచుటకు 100 × 33 = 3,300 కిలోకెలోరీల ఉష్ణము కావలెను. ఇది 3.8 యూనిట్ల విద్యుత్తునకు సమానము. నెల్లూరు తీరమున తెరపి దినమున చదరపు మీటరుపై రమారమి 5 యూనిట్ల శక్తి, అనగా 4,300 కిలోకెలోరీలు పడునని అనుకొనవచ్చును. అందు సగము నీటికి చేరినను 2 చదరపు మీటర్ల ఫలకము 4,300 కిలోకెలోరీలు ఇచ్చును. కావున 100 లీటర్ల తొట్టికి అట్టి ఫలకము ఒకటి చాలును.

ఇక 100 లీటర్లు ఎందరికి సరిపోవును? 60 డిగ్రీల నీటిని ఎవరును ఒంటిపై పోసికొనరు. చన్నీరు కలిపి 40 డిగ్రీలకు దించుకొందురు. 60 డిగ్రీల నీరు 100 లీటర్లకు 27 డిగ్రీల చన్నీరు సుమారు 154 లీటర్లు కలిపినచో 40 డిగ్రీల నీరు 254 లీటర్లగును. మనిషికి 25 లీటర్ల చొప్పున పదిమంది స్నానము చేయవచ్చును. హిమాలయ ప్రాంతములలో మంచువలె చల్లనైన నీటిని కాచవలసిన ఇంటికి పెద్ద తొట్టి కావలెను. మైపాడులో కుళాయి నీరే గోరువెచ్చనకు దగ్గరగా ఉండును. కనుక పెద్ద కుటుంబమునకు సైతము 100 లీటర్ల తొట్టి చాలును. దీనిని గమనింపక "ఉన్నచో మంచిదే" అని 200, 300 లీటర్ల తొట్టిని ఎన్నుకొన్నచో, అక్కరలేని బరువును పాత కప్పు మోయవలసి వచ్చును.

ఒక పరిమితిని దాచుట తగదు. ఈ తీరమునకు వాన ఎక్కువగా వచ్చునది అక్టోబరు, నవంబరు, డిసెంబరు మాసములలో, ఈశాన్య ఋతుపవనములవలన. వేడినీరు కావలసిన కాలములో కొన్ని దినములు మబ్బు కమ్మియుండును. ఆ దినములకై తొట్టి పెద్దది చేయుటవలన లాభము లేదు, ఎండయే లేదు గదా! పాత కాగునో, చిన్న విద్యుత్ తాపకమునో అట్టిపెట్టుకొనుటయే తెలివి.

మద్రాసు మిద్దె నిర్మాణము

కోస్తా ప్రాంతములలోని పాత పక్కా ఇండ్లలో పెక్కింటికి "మద్రాసు మిద్దె" అను కప్పు ఉండును. గోడలపై టేకు దూలములు, వాటిపై మూరెడు దూరమునకు మించకుండ దంతెలు పరచెదరు. దంతెలపై పలుచని చిన్న ఇటుకలను నిలువుగా, ఏటవాలు వరుసలలో సున్నముతో పేర్చెదరు. దానిపై ఇటుక ముక్కలు కలిపిన సున్నపు గచ్చును మందముగా పరచి, కొయ్య బడితెలతో దినముల తరబడి బాది గట్టిపరచెదరు. ఆపైన పలుచని పలకలను సున్నముతో పరచి, వాననీరు తూములవైపు జారునట్లు వాలు తీర్చెదరు. సముద్రపు గుల్లలను కాల్చి చేసిన సున్నము, కరక్కాయ నీరు, బెల్లము ఈ పనిలో వాడుకలో నుండెను.

ఇట్టి కప్పు మొత్తము మందము సుమారు 20 సెంటీమీటర్లు. ఘనపు మీటరుకు 1,800 కిలోల చొప్పున లెక్కించినచో చదరపు మీటరుకు 360 కిలోల స్వంతబరువు. దీనినంతటిని మోయునది కొయ్య. దూలపు కొనలు గోడలో దూరియుండును. నీరు దిగి తడి నిలిచిన చోట ఆ కొనలే మొదట చివికిపోవును, చెదలును అచ్చటనే చేరును. గది మధ్యలో దూలము చక్కగా కనబడుచున్నను గోడలోని కొన గుల్ల అయియుండవచ్చును. అందుచేత తాపకమునుగూర్చి ఆలోచించుటకు ముందు దూలపు కొనలను సుత్తితో మెల్లగా తట్టి చూడవలెను. గట్టి కొయ్య ఖణేలుమనును, చివికిన కొయ్య బొబ్బ చప్పుడు చేయును. కప్పు లోతట్టున తడి మరకలు ఉన్నవేమో, దూలము మధ్యలో వంగినదేమో చూడవలెను. నిర్ణయము మాత్రము పాత కట్టడములు ఎరిగిన ఇంజనీరు చేయవలసినదే.

బరువు లెక్క

మైపాడులో ఇట్టి మిద్దె ఒకటి ఉన్నదని అనుకొందము. దానిపై 200 లీటర్ల తాపకమును ఉంచినచో నీరు 200 కిలోలు, తొట్టి, కవచము రమారమి 60 కిలోలు, తొట్టి నిలుచు చట్రము 40 కిలోలు, మొత్తము 300 కిలోలు. అది ఆక్రమించు స్థలము సుమారు ముప్పాతిక చదరపు మీటరు. అనగా చదరపు మీటరుకు 400 కిలోలు. మనుషులు తిరుగు కొత్త కప్పులకు నేటి భారత ప్రమాణములు చదరపు మీటరుకు 1.5 కిలోన్యూటన్ల బరువును, అనగా సుమారు 150 కిలోలను లెక్కలోనికి తీసికొనును. దానికి ఇది రెండున్నర రెట్లకు మించినది. అదియును నాలుగు చిన్న కాళ్ళపై నిలుచును. కాలు దంతెపై పడక రెండు దంతెల నడుమ పడినచో ఆ బరువును పలుచని ఇటుకలు మోయవలెను.

ఎవరును లెక్కింపని బరువు ఇంకొకటి కలదు. ఫలకమునకు చన్నీరు అందించు తొట్టి వేడినీటి తొట్టికంటె ఎత్తున ఉండవలెను. బావి నీరు తోడుకొన్న పాత ఇండ్లపై అట్టి తొట్టియే లేదు. సౌర తాపకము కొరకు 500 లీటర్ల చన్నీటి తొట్టిని పైకెక్కించినచో ఇంకొక అరటన్ను చేరినట్లే. తాపకము గండము కాకపోయినను దాని తోడు గండము కాగలదు.

గాలి లెక్క

బరువు క్రిందికి నొక్కును, తుపాను గాలి పైకి లేపును. 1989 నవంబరులో కావలి వద్ద తీరము దాటిన తుపాను నెల్లూరు జిల్లాను అతలాకుతలము చేసెను. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను ఈ తీరము వెంబడి సాగి బాపట్ల సమీపమున దాటెను. భారత ప్రమాణములలో నెల్లూరుకు చూపిన మౌలిక గాలివేగము సెకనుకు 50 మీటర్లు, అనగా గంటకు 180 కిలోమీటర్లు. గాలి ఒత్తిడిని లెక్కించుటకు వేగపు వర్గమును 0.6తో గుణించవలెను. 0.6 × 50 × 50 = 1,500. అనగా చదరపు మీటరుకు 1,500 న్యూటన్లు. ఆకార గుణకమును 1 అనుకొన్నచో 2 చదరపు మీటర్ల ఫలకముపై 3,000 న్యూటన్లు, అనగా 300 కిలోల బరువునకు సమానమైన బలము పనిచేయును. ఆ ఫలకపు స్వంతబరువు రమారమి 40 కిలోలు మాత్రమే.

ఇచ్చటనే పాత మిద్దె యజమానికి ఇరుకు ఏర్పడును. ఫలకము ఎగిరిపోకుండ కప్పులోనికి మరలు దింపినచో గచ్చు పగిలి వాననీరు దిగును. మరలు వద్దని ఇసుక మూటలో, రాతి దిమ్మెలో బరువు పెట్టినచో 300 కిలోలు అదనముగా కప్పు మోయవలెను. ఒకటి కప్పును తడుపును, ఇంకొకటి కప్పును వంచును.

సిమెంటు దిమ్మెలు పోసి వాటిలో మరలు నాటుట పలువురు చేయు మూడవ ఉపాయము. ఇది సున్నపు మిద్దెకు తగదు. సున్నపు గచ్చు మెత్తనిది, తడిని పీల్చి తిరిగి ఆవిరిగా విడుచును. సిమెంటు గట్టిది, తడిని సులభముగా పోనీయదు. ఎండకు రెండును ఒకే తీరున వ్యాకోచింపవు. కొన్నాళ్ళకు రెండింటి నడుమ సన్నని బీట ఏర్పడును. ఆ బీటలో దిగిన నీరు ఎండుటకు దారి లేక దూలముపై చేరును.

గోడలను ఆశ్రయించుట

కప్పు బలహీనమైనను దాని క్రింది గోడలు దిట్టమైనవి. రాతితోనో ఇటుకతోనో అడుగుకు మించిన మందముతో కట్టిన గోడలకు ఇంకొక మూడు నాలుగు వందల కిలోలు లెక్కలోనివి కావు. అందుచేత గదికి ఇరువైపుల గోడలపై ఆనునట్లు రెండు ఉక్కు కమ్మీలను వేసి, కప్పును తాకకుండ అరచేతి ఎత్తున నిలిపి, వాటిపై ఫలకమును, తొట్టిని అమర్చవలెను. అప్పుడు బరువు గోడలకే చేరును. గాలి పైకి లేపినప్పుడు పట్టి నిలుపునది కూడ గోడయే. 35 సెంటీమీటర్ల మందము, 75 సెంటీమీటర్ల ఎత్తు గల పిట్టగోడ మీటరు పొడవునకు సుమారు 470 కిలోలు తూగును. అయితే పాత పిట్టగోడ ప్రక్కకు ఒరగగలదు, కనుక పట్టును దాని క్రింది అసలు గోడకు అందునట్లు చేయవలెను. కమ్మీల క్రింద వాననీరు తూమువైపు అడ్డులేక పారవలెను.

ఫలకమును ఏ వాలున ఉంచవలెను? మైపాడు అక్షాంశము సుమారు 14.5 డిగ్రీలు. డిసెంబరు 22న మధ్యాహ్నము సూర్యుడు నడినెత్తినుండి దక్షిణముగా 14.5 + 23.5 = 38 డిగ్రీలు వాలియుండును. దక్షిణమునకు 38 డిగ్రీలు వాల్చిన ఫలకముపై కిరణములు నిలువుగా పడి నూటికి నూరు పాళ్ళు అందును. వాలు 25 డిగ్రీలైనచో 97 పాళ్ళు, 15 డిగ్రీలైనచో 92 పాళ్ళు అందును. కాని 2 మీటర్ల పొడవుగల ఫలకపు పై అంచు 38 డిగ్రీల వద్ద 123 సెంటీమీటర్లు, 25 డిగ్రీల వద్ద 85, 15 డిగ్రీల వద్ద 52 సెంటీమీటర్లు లేచును. ఎనిమిది పాళ్ళ వేడిమిని వదులుకొన్నచో ఫలకము 75 సెంటీమీటర్ల పిట్టగోడ వెనుక దాగును, గాలికి తక్కువగా లొంగును. 15 డిగ్రీలకు తగ్గించుట మాత్రము మంచిది కాదు, నీటి ప్రవాహము మందగించును.

తొట్టి మాటయేమి? ఇచ్చట సరూప త్రిభుజములు పనికివచ్చును. పిట్టగోడతో కలిపి గోడ ఎత్తు 5 మీటర్లు, వీధిలో 7 మీటర్ల దూరమున నిలిచిన మనిషి కంటి ఎత్తు 1.5 మీటర్లు అనుకొందము. చూపురేఖ 7 మీటర్లకు 3.5 మీటర్లు లేచును, అనగా రెండింట ఒకటి. పిట్టగోడకు 4 మీటర్లు వెనుక ఆ రేఖ పిట్టగోడ పై అంచుకంటె 2 మీటర్లు ఎత్తున ఉండును. కప్పునుండి 1.6 మీటర్ల ఎత్తు గల తొట్టి అచ్చట వీధికి కనబడదు. ఇంటి ముఖము చెడదు. కట్టడములకు చేయు చేర్పులు వాటి ముఖ్యభాగములను, పరిసరములను, పొందికను చెరుపరాదని 1964లో వెనిసు నగరమున శిల్పులు, పరిరక్షకులు అంగీకరించిన శాసనపత్రము చెప్పుచున్నది. దానిని పాటించుటకు తొమ్మిదవ తరగతి రేఖాగణితము చాలును.

పెరటిలోని సమాధానము

ఇంతవరకు అడుగని ప్రశ్న ఒకటి మిగిలినది. తాపకము పెద్ద ఇంటి నెత్తినే ఎందుకు ఉండవలెను? పాత ఇండ్లలో బావి, కాగు, స్నానపు గది పెరటిలోనే ఉండెడివి. వేడినీరు కావలసిన చోటు అదియే. మిద్దెపైనుండి పెరటికి 15 మీటర్ల గొట్టము దింపినచో 15 మిల్లీమీటర్ల లోవ్యాసము గల గొట్టములో సుమారు 2.7 లీటర్ల నీరు నిలిచి చల్లారును. కుళాయి తిప్పిన ప్రతిసారి ముందుగా ఆ నీరే వచ్చును. పైగా ఆ గొట్టము కొరకు సున్నపు గోడలను తొలువవలసి వచ్చును.

స్నానపు గదికి ఇటీవలి కాంక్రీటు కప్పు ఉన్నచో దానిపైననో, లేనిచో దక్షిణపు ఎండ పడు చోట పెరటిలో నాటిన ఉక్కు మంచెపైననో 100 లీటర్ల తాపకమును అమర్చవచ్చును. చన్నీటి తొట్టి కూడ ఆ మంచెపైననే నిలుచును. పాత మిద్దెపై ఒక్క కిలో బరువైనను పడదు, ఒక్క రంధ్రమైనను తొలువనక్కరలేదు. కొబ్బరిచెట్ల నీడ మాత్రము చూచుకొనవలెను. ముఖ్యముగా డిసెంబరు నెలలో ఉదయము 9 గంటలనుండి మధ్యాహ్నము 3 గంటలవరకు నీడ ఎచ్చట పడుచున్నదో ఒక దినము గుర్తులు పెట్టి చూచినచో చాలును. పెరడు నీడలో మునిగియున్న ఇంటికే గోడలపై కమ్మీల పద్ధతి అవసరమగును.

ఉప్పుగాలి, ఉప్పునీరు

తీరమున ఇనుమునకు ఆయువు తక్కువ. ఉప్పు తుంపరలతో కూడిన తడిగాలి విద్యుద్విశ్లేష్యముగా పనిచేయును. రెండు వేర్వేరు లోహములు తాకినచోట అందు చురుకైన లోహము త్వరగా తినివేయబడును. అల్యూమినియపు చట్రమును రాగి గొట్టమునకు తాకనీయరాదు, నడుమ రబ్బరు పట్టీ వేయవలెను. జస్తాపూత గీరుకొన్న చోట వెంటనే రంగు పూయవలెను. గాజుపై పేరుకొన్న ఉప్పును మంచినీటితో కడుగుచుండవలెను.

బావినీరు కఠినజలమైనచో ఇంకొక చిక్కు కలదు. అందు కరిగియున్న కాల్షియం బైకార్బొనేటు వేడికి విడిపోయి కాల్షియం కార్బొనేటుగా గొట్టముల లోపల పేరుకొనును. ఆ పొర ఉష్ణమును సరిగా పోనీయదు, సన్నని గొట్టములను మూసివేయును. అట్టి చోట ఫలకములో శుద్ధజలమును మాత్రమే తిరుగనిచ్చి, ఆ వేడిమిని తొట్టిలోని నీటికి అందించు ఉష్ణవినిమయ పద్ధతిని ఎన్నుకొనవలెను. ఉప్పునీరు వేడెక్కినప్పుడు సామాన్యపు తుప్పుపట్టని ఉక్కును సైతము చిల్లులు పొడువగలదు. కనుక తొట్టి కొనుటకు ముందు నీటిని పరీక్ష చేయించుట ఖర్చు తక్కువ పని.

శ్వేతభవనపు అనుభవము

చరిత్ర ప్రసిద్ధమైన ఇంటిపై సౌర జలతాపకములు అమర్చుటకు లోకమెరిగిన ఉదాహరణము అమెరికా అధ్యక్షుని నివాసమగు శ్వేతభవనము. చమురు సంక్షోభపు కాలమున, 1979 జూన్ 20న అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ దాని పశ్చిమ విభాగపు కప్పుపై 32 సౌర జలతాపక ఫలకములను ఆవిష్కరించెను. 1986లో కప్పు మరమ్మతు వచ్చినప్పుడు వాటిని దింపివేసిరి, మరల ఎక్కింపలేదు. 1991లో మెయిన్ రాష్ట్రములోని యూనిటీ కళాశాల వాటిని తెచ్చి తన భోజనశాల కప్పుపై అమర్చుకొనెను. 2003 నాటికి శ్వేతభవనపు ఆవరణలో మరల సౌర పరికరములు వచ్చినవి. కాని ఈసారి ప్రధాన భవనముపై గాక ఆవరణలోని చిన్న కట్టడములపై అమర్చిరి.

ఆ ఫలకములు మరల ఎక్కకపోవుటకు రాజకీయ కారణములు ఉన్నను, ఇంటి యజమానికి ఇందు ఒక పాఠము కలదు. ఏ కప్పుకైనను ఎప్పుడో ఒకప్పుడు మరమ్మతు తప్పదు. ఫలకము కప్పుకంటె త్వరగా పాతబడును. కనుక కప్పునకు గాయము కాకుండ తాపకమును విప్పి, మరల బిగించుకొనుటకు వీలుండవలెను. విప్పిన తరువాత ఇల్లు మునుపటి వలెనే మిగులవలెను.

రక్షిత కట్టడముల విషయములో యజమాని ఇష్టము ఒకటియే చాలదు. 1958 నాటి పురాతన కట్టడముల చట్టము, దానికి 2010లో జరిగిన సవరణ ప్రకారము కేంద్ర రక్షిత కట్టడమునకు 100 మీటర్ల వరకు నిషిద్ధ ప్రాంతము, ఆపైన 200 మీటర్ల వరకు నియంత్రిత ప్రాంతము. ఆ పరిధిలోని ఇండ్లవారు పని ఆరంభించుటకు ముందే సంబంధిత అధికారులను అడుగవలెను.

పాఠశాలలో చేయదగిన పని

ఉపాధ్యాయులు ఈ విషయమును విద్యార్థులచేత ప్రత్యక్షముగా పరీక్షింపజేయవచ్చును. నల్లరంగు పూసిన రెండు సమానమైన డబ్బాలలో సమానముగా నీరు పోసి, ఒకదానిని గాజుమూత గల పెట్టెలో, ఇంకొకదానిని ఆరుబయట ఉంచి గంటగంటకు ఉష్ణోగ్రత కొలువవలెను. గాలి వీచు దినమున, వీచని దినమున వచ్చు తేడాను వ్రాసికొన్నచో గాజు చేయు రెండు పనులును తెలియును. ఊరిలోని పాత మిద్దెలను చూచి దూలముల సంఖ్య, గోడల మందము, తూముల వాలు, తడి మరకలు కొలిచి పట్టిక తయారుచేయవచ్చును. అది ఆ ఇంటివారికే పనికివచ్చు పత్రమగును.

సూర్యుడు మైపాడు తీరమున స్నానపు నీటికి చాలినంత వేడిమి ఇచ్చుచున్నాడు. అందుచేత పాత ఇంటివారు మొదట అడుగవలసినది ఎండ ఎంత అని కాదు. నీరు ఎంత అవసరము, ఆ బరువును మోయునది ఏది, తుపానునాడు పట్టి నిలుపునది ఏది, కారిన నీరు ఎటు పోవును అను నాలుగు ప్రశ్నలు. వీటికి సమాధానము దొరికిన తరువాతనే మిద్దె ఎక్కవలెను. చాలమందికి మిద్దె ఎక్కవలసిన అవసరమే ఉండదు. తాతలనాటి కాగు ఉన్న పెరటిలోనే కొత్త కాగునకును చోటు దొరకును.